పెద్దాయన కొన్న బల్బు

ఆడమ్స్‌టౌన్, ఐర్లండ్.

ఏలూరులో అన్నయ్యకి, నీ చెల్లెలు మణి నమస్కరించి చెప్పుకునే కబుర్లు.

మేం ముగ్గురం బాగున్నాం. మీరూ బాగున్నారని అనుకుంటున్నాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదినని బీపీ మాత్రలు మానొద్దని చెప్పు. నా గురించి ఏం దిగులు పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. నువ్వు పంపిన కాగితం ఇంకా అందలేదని ఫోన్లో రెండుసార్లు చెప్పాను. అబద్ధం. అది వచ్చి మూడు వారాలైంది. వంటింటి ప్రెస్‌లో (ఇక్కడ అల్మరాని అలాగే అంటారు) కందిపప్పు డబ్బా వెనక దాచాను. నాన్న పేరున ఉన్న మన కరెంటు సామాన్ల కొట్టుని ఆ షోరూముల వాళ్ళకి ఇచ్చెయ్యాలంటే నా సంతకం కూడా కావాలి. నేను పెట్టకపోతే బేరం ఆగిపోతుందని తెలిసే దాచాను. తిట్టు, పడతాను. కానీ ఉత్తరమంతా చదివాక తిట్టు.

ఇక్కడ వాన. గొడుగు వేసుకునేంత కాదు, వేసుకోకపోతే ఊరుకునేంతా కాదు. అందులోనే నడుచుకుంటూ పనికి వెళ్తాను. కొట్టు తెరవకముందే టీవీలన్నీ ఆన్ చెయ్యడం నా పని. ఒక్కొక్కటే వెలుగుతుంటే గోడ నిండా ఒకే సముద్రం, ఒకే అల. ఎవరూ ఉండరు. ఆ నీలం వెలుగులో నిలబడితే నేను ఏ దేశంలో ఉన్నానో కాసేపు గుర్తుండదు. అల వెనక్కి వెళ్ళినప్పుడల్లా మన కొట్టే కనిపిస్తుంది. నువ్వు అగరుబత్తి వెలిగిస్తుంటావు. నాన్న కౌంటరు మీది హోల్డరులో బల్బు పెట్టి, "చూసుకోండి, తర్వాత నన్ననొద్దు" అంటుంటారు. వెలిగించి చూపించకుండా నాన్న ఏ బల్బూ ఇచ్చింది లేదు కదా.

మా కంపెనీ చేతులు మారిందని చెప్పాను గుర్తుందా? దాన్ని మొదలుపెట్టిన పెద్దాయన కథ మా బ్రీడా చెప్పింది. బ్రీడా అంటే నాతో పనిచేసే ఆవిడ, తన పెళ్ళి కాకముందు నుంచీ ఈ కొట్లోనే ఉంది. ఆయన వాళ్ళమ్మ ఇంటి వెనక రేకుల షెడ్డులో రేడియోలు బాగుచేసేవాడట. పల్లెలకి అప్పుడప్పుడే కరెంటు వస్తున్న రోజులు. వ్యానులో ఇస్త్రీపెట్టెలు, కెటిళ్ళు వేసుకుని ఇంటింటికీ తిరిగేవాడట. వాటిని తనే స్విచ్ వేసి చూపించి, వాళ్ళు పెట్టిన టీ తాగి వచ్చేవాడట. తర్వాత ఒక కొట్టు, తర్వాత ఊరికో కొట్టు, ఆపైన సముద్రం దాటి ఇంకో నాలుగు దేశాలు. ఇంత చేసినవాడు చివరికి అంతకంటే పెద్ద కంపెనీకి ఇచ్చేశాడు. పాత బోర్డు దించిన రోజు బ్రీడా ముక్కు చీదుకుంటూనే, "ఇట్స్ గ్రాండ్, మణీ, ఇట్స్ గ్రాండ్" అంది (ఫర్వాలేదు అనడానికి ఇక్కడ అలాగే అంటారు). మా చొక్కాల రంగు మారింది. డబ్బాల సీలు విప్పకూడదన్నారు. కౌంటరు మీద బల్బులు వెలిగించి చూపించే బోర్డు కూడా పీకేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ మీద కోపం కూడా దానికి తోడైంది. ఆ రోజే నీ కాగితం వచ్చింది మరి.

పోయిన మంగళవారం ఒక ముసలాయన తడిసిన టోపీతో వచ్చి వంటింట్లోకి బల్బు కావాలన్నాడు. టీ గదిలో ఇన్నాళ్ళూ ఆయన ఫొటో చూశాను, వెంటనే పోల్చుకున్నాను. ఆయనే! సొంత కొట్లో వరసలో నిలబడి ఉన్నాడు. నేను రూలూ గీలూ పక్కనపెట్టి డబ్బా విప్పాను. షోకి పెట్టిన దీపంలో బల్బు బిగించి వెలిగించాను. ఆయన దాని వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఇది నీకెవరు నేర్పారమ్మా?" అన్నాడు.

"మా నాన్న. మాకూ ఒక కొట్టుంది, మా అన్నయ్య అమ్మేస్తానంటున్నాడు" అన్నాను. నోరు ఊరుకోలేదు. "అమ్మినందుకు మీకు బాధగా లేదా?" అని కూడా అడిగేశాను.

"ఉంది. మర్నాడు పొద్దున్నే బూట్లు వేసుకుని కూర్చున్నాను, వెళ్ళడానికి చోటు లేదు. కానీ అంతకుముందు చాలా ఏళ్ళుగా అలిసిపోయి ఉన్నాను. అమ్మొద్దని అందరూ అన్నారు. వాళ్ళలో ఒక్కరూ వచ్చి నా బదులు తలుపు తియ్యలేదు" అన్నాడు.

బల్బు జేబులో వేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు. నేను గోడ మీది సముద్రం ముందు నిలబడ్డాను. ఈసారి కొట్టు కనిపించలేదు. షట్టరు ముందు వంగి, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చేత్తో దాన్ని పైకి నెట్టే నువ్వు కనిపించావు. ఇన్నేళ్ళ కలలోనూ షట్టరు ఎప్పుడూ తీసే ఉండేది అన్నయ్యా. అది తీసేది ఎవరో నేను చూడనే లేదు. చాలా సిగ్గేసింది.

మన ఎంబసీకి వెళ్ళడానికి మీ బావగారు చెర్రీవుడ్‌లో ఉన్న తన ఆఫీసుకి సెలవు పెట్టి తోడొచ్చారు. మా అమ్మాయి హాసిని కూడా వచ్చింది. తెలుగులో ఏమడిగినా దారి పొడుగునా ఐరిష్ ఇంగ్లీషులోనే జవాబులు. మామయ్యకి హాయ్ చెప్పమంది. వదినని కాస్త గోంగూర పచ్చడి పంపమను, ఇక్కడ దొరికేది ఉప్పుముద్ద. బేరం పూర్తవగానే మీరిద్దరూ ఒక నెల ఇక్కడికి రండి. ఊరికే కూర్చోనివ్వను, ఊరంతా తిప్పుతాను. అత్తయ్యకీ, బాబాయికీ నా దండాలు. పెద్దవాళ్ళంతా మమ్మల్ని చల్లగా ఉండమని దీవించాలి.

కాగితం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఎంబసీలో వాళ్ళ ముందే సంతకం పెట్టాను. "ఈ అమ్మకానికి నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు" అని ఉంది అందులో. ఉంది అన్నయ్యా, చాలా ఉంది. అయినా పెట్టాను.

ఎప్పటికీ నీ చెల్లెలు,
మణి