బయటి హారన్ ఆపరాదు

2025 ఏప్రిల్ 27, ఆదివారం. పొద్దున్నుంచి వేడిగాలి, ఎర్రమన్ను లేస్తోంది. మబ్బు జాడ లేదు. ఆరాధన అయినాక చర్చి ఆంప్లిఫయర్ ఇంటికి తెచ్చి దుమ్ము దులిపినాను.

రోజూ ఈ పుస్తకంలో బాడుగలు, ఖర్చులు రాసుకుంటాను. ఈరోజు వీలునామా రాస్తున్నాను.

ముదిగుబ్బలో మైక్ సెట్లు బాడుగకిచ్చే దాసప్ప అనే నేను, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకున్నది. జబ్బు చేసి రాయడం లేదు, సంతోషంతో రాస్తున్నాను. ఇంత సంతోషం నాకు అలవాటు లేదు. బతుకంతా వేరేవాళ్ల మాటలు పెద్దవి చేసి వినిపించినవాణ్ణి, నేను మాట్లాడింది తక్కువ.

మా కాలనీ చర్చి నా పట్టా స్థలంలో ఉంది. పొద్దున ప్రసంగంలో రాజకీయం మాట్లాడినాడని పాస్టర్ యేసన్నను పంపించేయాలని సంఘం పెద్దలు అంటున్నారు. వచ్చే ఆదివారం తేలుస్తారంట. అందుకే స్థలం సంగతి ఈరోజే రాసి పెడుతున్నాను.

1. నా తర్వాత చర్చి స్థలం సంఘానిదే. నా పిల్లలకు దాని మీద హక్కు లేదు. అయితే షరతులున్నాయి. అవి అర్థం కావాలంటే పొద్దున జరిగింది రాయాలి.

మా చర్చికి లోపల ఒక స్పీకరు బాక్సు, పైన ఊరికి వినబడే హారన్. పాటలు, వాక్యం రెండింట్లోనూ వస్తాయి. నాయకుల ఊసు వస్తే పాస్టరు రెండు వేళ్లు ఎత్తుతాడు, నేను హారన్ స్విచ్చు ఆపుతాను. ఏ పాస్టరు వచ్చినా ఇదే పద్ధతి. ఈరోజు యేసన్న వాక్యం చదివి నీళ్ల ట్యాంకర్ సంగతికి వచ్చినాడు. మన కాలనీకి రావలసిన నీళ్లు పై వీధిలో బయ్యన్న దించుకుంటున్నాడని చెప్పబోతూ వేళ్లు ఎత్తినాడు. ముందు వరుసలో మా పక్కింటి బయమ్మ, ట్యాంకర్ వస్తే పరుగెత్తడానికి ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంది. ఆమెను చూసి నేను స్విచ్చు ముట్టుకోలేదు.

ఈ బయ్యన్న సర్పంచు ఎన్నికలకు నిలబడాలని తిరుగుతున్నవాడు. ప్రసంగం తర్వాతి పాట సగం కాకముందే చర్చికి వచ్చినాడు. చెప్పులు వాకిట్లో విసిరి, "ఏమప్పా దాసప్పా, మైకు పెట్టి తిట్టిస్తావా? రా, మా తొట్టి చూడు, ఎండి పగిలి ఉండాది! ట్యాంకర్ తారు రోడ్డు పక్క ప్లాట్లకు పోతాంది, ఇటుకలు తడిపేదానికి! అది చెప్పమను!" అని అరిచినాడు.

యేసన్న తెల్లబోయినాడు. తర్వాత మైకులోనే, ఊరంతా వినేటట్టు, "నేను తెలియక చెప్పినాను, క్షమించన్నా" అని మైకు బయ్యన్న చేతికి ఇచ్చినాడు. ట్యాంకర్ ఎక్కడికి పోతోందో బయ్యన్న ఆ మైకులోనే ఊరికి చెప్పినాడు. రేపు రెండు వీధులవాళ్లూ కలిసి మండలాఫీసుకు పోతున్నారు.

హారన్ ఆపి ఉంటే ఆ తప్పు మాటనే నిజమనుకొని అందరం ఇండ్లకు మోసుకొని పోయేవాళ్లం.

2. కాబట్టి షరతులు. పాస్టరు నీళ్ల గురించి, కూలి గురించి, అధికారంలో ఉన్నవాళ్ల గురించి మాట్లాడవచ్చు. మాట్లాడాల. ఊరికి వినిపించలేని మాట లోపల కూడా చెప్పరాదు. ఎవరిని అన్నాడో వాళ్లు వస్తే మైకు ఇయ్యాల. ఫలానావాళ్లకు ఓటు వేయమని మాత్రం ఎవరూ అనరాదు. యేసన్న తనంతట తాను పోతే సరే, ఈ ప్రసంగం చేసినందుకు ఆయనను పంపితే స్థలం సంఘానికి రాదు, నా కూతురు సరళకు పోతుంది.

3. యేసన్నకు ముందున్న పాస్టరుకు నా నుంచి ఏమీ లేదు. ఆయన ఓటు అడిగిన రోజు నా భార్య ఎలిజబెత్ లేచి, "ఏం అయ్యగారూ, దేవుని కాడ గూడా కండువా కప్పుతారా?" అని బయటికి పోయింది. చనిపోయేదాకా వేపచెట్టు కింద చాప వేసుకొని హారన్‌లోనే ప్రసంగం విన్నది. నేను ఆపిన ప్రతిసారీ ఇంటికొచ్చి, "మళ్లా పాస్టరు గొంతు పట్టుకున్నావా?" అని అడిగేది. ఆ చాప బయమ్మకు. నీలం నీళ్ల డ్రమ్ము కూడా ఆమెకే.

4. జనరేటరు, ట్రాలీ ఆటో నా కొడుకు ఓబులేష్‌కు. మధ్యాహ్నం నుంచి నా మీద అలిగినాడు. "నాయనా, ఎన్నికలొస్తాండాయి, ఇంక మనల్ని ఎవరు పిలుస్తారు?" అంటాడు. అందరూ పిలుస్తారు రా. మన సెట్టు బాగా వినబడుతుందని ఈరోజు ఊరంతా తెలిసింది.

5. ఆంప్లిఫయర్లు, మైకులు, సోల్డరింగ్ కడ్డీ నా కూతురు సరళకు. చర్చి సెట్టు ఆమే నడపాల. వీలునామా అమలు బాధ్యతా ఆమెదే.

6. చర్చి కిటికీ పైన ఉన్న హారన్ స్విచ్చు ఎవరికీ ఇవ్వను. సంతకాలు కాగానే దాన్ని పీకేసి వైరు నేరుగా కలుపుతాను. ఇక మీదట మోగితే రెండూ మోగాల. పిల్లల పరీక్షలుంటే రెండూ వద్దు, తలుపులు తెరిచి నోటితో చెప్పుకోండి.

ఇది నా ఇష్టపూర్తిగా రాసినది, చదివి చూసుకున్నాను, కొట్టివేతలు లేవు.

27-4-2025, సాయంత్రం
(సంతకం) దాసప్ప

సాక్షులు:
1. బయ్యన్న, పై వీధి
2. గంగాధర్, టీ అంగడి

సంతకాలు అయినాయి. సరళ నిచ్చెన పట్టుకొని పిలుస్తోంది. పైకెక్కి స్విచ్చు పీకేసి వస్తాను.