కొత్త బ్రేకులు, మావగారి కేరేజీ

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
1963 ఆగస్టు

నౌపడలో ఉన్న తవిటయ్య మావయ్యగారికి అల్లుడు జగ్గారావు దణ్ణాలెట్టి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. కారు క్షేమం. హైమవతి మీ దగ్గరికి క్షేమంగా సేరినాదని తలుస్తన్నాను. సేరినట్టు మీరూ రాయలేదు, అదీ రాయలేదు. కాబట్టి సేరే ఉంటాది.

అది మీకేటి సెప్పినాదో నాకు తెలీదు గాని, జరిగింది ఇది. మెయిలు డ్రైవరు దొర ఒకాయన ఆస్ట్రేలియా ఎల్లిపోతూ తన రెండు సీట్ల రేసు కారు నాకిచ్చీసినాడు. టాపు లేదు, తలుపులు మోకాలెత్తు, వయసులో నాకన్నా పెద్దది. పరుగు మాత్రం మెయిలు పరుగే. ఒక్కటే లోపం, దాని బ్రేకులు సైకిలు బ్రేకుల్లాగ తీగల మీద పనిసేస్తాయి. మొన్న ఆదివారం పులిహోర కట్టుకొని హైమా నేనూ షికారు ఎల్లినాము. తిరిగొచ్చినప్పుడు ఝపటాపూర్ దిగుడులో తీగ తెగిపోనాది. కారు ఎల్లి చెన్నకేశవరావుగారి కొట్టు ముందు కందిపప్పు బస్తాలకి తగిలి ఆగినాది. ఎవరికీ సిన్న గీత కూడా పడలేదు. రైల్వే మనిషిగా ఆ టైముకి సెయ్యవలసింది నేను సేసినాను. అయినా హైమ ఆ పొద్దే పెట్టె సర్దుకొని రైలెక్కీసినాది.

మీరేటీ దిగులు పడొద్దు. ఇన్నేళ్ళు వేగన్ షాపులో బ్రేకులు బిగించిన సెయ్యి ఇది. ఆ తీగలు పీకీసి కొత్త మోడలు కారు ఆయిల్ బ్రేకులు పెడతన్నాను. కలకత్తా మల్లిక్ బజార్లో సామాను దొరికినాది. దసరాకి హైమని అదే కారులో గుడికి తీసుకెల్తాను. పంపించండి.

మీ అల్లుడు
జగ్గారావు, ఫిట్టరు

తా.క. పెళ్ళిలో మీరిచ్చిన ఇత్తడి అన్నం కేరేజీ నిక్షేపంగా ఉన్నాది. మీరు అడగలేదనుకోండి. నేనే సెబుతున్నాను.

*

నౌపడ

అల్లుడు జగ్గారావుకి మావ తవిటయ్య దీవించి రాయునది.

పిల్ల సేరినాది. సేరిన దగ్గర్నుంచి నోరిప్పలేదు. నీ పేరెత్తితే సాలు, కత్తిపీట ముందేసుకొని వంకాయలు తరుగుతాది. మీ అత్త పొద్దుకి మూడుసార్లు నీ పేరెత్తుతాది. మూడు పూటలా వంకాయ కూరే తింటన్నాము.

నేను ముప్పయ్యేళ్ళు గూడ్సు గార్డుగా సేసినోణ్ణి. డ్రైవరు మాట నమ్మి ఏ రోజూ బండెక్కలేదు. నా బ్రేకు నా వేన్‌లో, నా సేతి కింద ఉండీది. అంచేత నిన్నొక్కటే అడుగుతున్నాను. రైలుకి పైపు ఊడితే బ్రేకులు వాటంతటవే పట్టీసి బండి ఆగిపోద్ది. నీ ఆయిల్ పైపు ఊడితే ఏటవుతాది? ఉన్నదున్నట్టు రాయి.

మీ మావ
తవిటయ్య, గార్డు (రిటైరు)

తా.క. కేరేజీ సంగతి నేనడగలేదు. అడక్కుండా ఎందుకు సెప్పినావు? నా సర్వీసంతా అది నాతో లైను మీద తిరిగినాది. అడక్కుండానే ‘అంతా బావుంది’ అన్న స్టేషన్లో నేను దిగి మరీ సూసీవోణ్ణి.

*

న్యూ సెటిల్‌మెంట్

మావయ్యగారి పాదాలకి అల్లుడు సంతోషంతో రాయునది.

బ్రేకులు పడిపోయినాయి! అంటే బిగింపు అయిపోయినాది. కొత్త డ్రమ్ములు పాత ఇరుసుకి కూకోలేదు, బోల్టు బెజ్జాలు కలవలేదు. బజార్లో లేతు మీద ఇనప పళ్ళేలు తిప్పించి మధ్యలో వేసినాను. పైపుల్లో గాలి ఉండిపోతే పెడలు దూదిలాగ దిగిపోద్ది. మా ఖలాసీ దేముడు పెడలు తొక్కుతుంటే నేను కిందన పడుకొని గాలంతా తీసినాను. నా మొహమంతా ఆయిలే గాని, పెడలు మాత్రం ఇప్పుడు రాయి.

మీరడిగినదానికి జవాబు. పైపు ఊడితే ఆయిలు కారిపోద్ది, బ్రేకు ఉండదు. గాని అది ఊడదు. బిగించింది నేను.

నిన్న నిమ్‌పురాలో పరీక్ష సేసినాము. దేముడిని పక్కన కూకోబెట్టుకొని ఫుల్ స్పీడులో బ్రేకు నొక్కినాను. కారు అక్కడికక్కడే ఆగిపోనాది. దేముడు ఆగలేదు. బానెట్టు మీంచి ఎల్లి గడ్డిలో కూకున్నాడు. లేచి దులుపుకొని ‘ఫస్ట్ క్లాస్, దాదా’ అన్నాడు. బ్రేకు బాగోలేకపోతే ఆ మాట అంటాడా, మీరే సెప్పండి.

ఇక హైమని పంపించీవచ్చు.

మీ అల్లుడు
జగ్గారావు, ఫిట్టరు

తా.క. కేరేజీ కళాయికిచ్చినాను. అంతే.

*

నౌపడ

అల్లుడికి తవిటయ్య రాయునది.

నీ ఉత్తరం పైకి సదివినాను. అదే నేను సేసిన తప్పు. మీ అత్త బుగ్గలు నొక్కుకొని ‘ఓలమ్మో, దేముడే ఎగిరి గడ్డిలో పడితే నా బిడ్డకి దిక్కెవులే’ అని వీధి వినపడీలాగ అరిసినాది. ఊరంతా వచ్చి పరామర్శ సేసి ఎల్లినారు. వోళ్ళందరికీ వంకాయ కూరా అన్నం పెట్టినాము.

పైపు ఊడితే ఆగని బ్రేకు, పడితే మనిషిని ఇసిరీసే బ్రేకు. ఈ రెండు గుణాలూ ఒక్క బండికి ఎలాగ తెచ్చినావు బావూ? పిల్ల రాదు. రావాలంటే ఎడమ సీటు పక్కన, కూకున్నోళ్ళ సేతికందీలాగ, గార్డు బ్రేకు ఒకటి పెట్టు. ఆయిలుతో దానికి సంబంధం ఉండకూడదు. నీది పోయినా అది పట్టాల. బండన్నాక డ్రైవరొకడే బ్రేకు పెట్టుకొని కూకోడం నేను ఏ లైన్లోనూ సూళ్ళేదు.

మీ మావ
తవిటయ్య

తా.క. కళాయి అన్నావు. మన వెంకటరావు మొన్ననే ఖరగ్‌పూర్ నుంచి వచ్చినాడు. మీ బజారు కళాయివోడు పోయినేడే ఊరొదిలి ఎల్లిపోయినాడట. అల్లుడా, బ్రేకుల సామాను కోసం నా కేరేజీ అమ్మీసినావా?

*

న్యూ సెటిల్‌మెంట్

మావయ్యగారికి అల్లుడు నమస్కరించి రాయునది.

గార్డు బ్రేకు పెట్టీసినాను. పాత తీగల్లో గట్టివి ఏరి, ఎడమ సీటు పక్కన లివరుకి కట్టి, ఎనక చక్రాలకి ఇచ్చినాను. ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో గార్డు ఉన్న కారు ఇదొక్కటే. మా ఫోర్‌మేను వచ్చి సుట్టూ తిరిగి సూసి, టోపీ తీసి, మల్లీ పెట్టుకున్నాడు.

దేముడిని గార్డుగా పెట్టి గోల్ బజార్ దాకా నడిపినాను. టీ కొట్టు కనపడిన ప్రతి చోటా లివరు లాగినాడు. పని బ్రహ్మాండంగా సేస్తంది. ఎనకాల రిక్షావోళ్ళు బెంగాలీలో గట్టిగా ఏటేటో అన్నారు. నాకు బెంగాలీ బాగా వచ్చు, గాని అవి ఇక్కడ రాయను.

కేరేజీ అమ్మినానని మీరెలాగనుకున్నారు? నేను అలాంటోణ్ణా? కళాయి మాట అబద్ధమే, ఒప్పుకుంటాను. అమ్మలేదన్నది మాత్రం నిజం. మిగతా సంగతి ఎప్పుడైనా ఎదురుపడినప్పుడు సెబుతాను. ముందు హైమని పంపించండి. దసరా దగ్గర పడతంది.

మీ అల్లుడు
జగ్గారావు, ఫిట్టరు

తా.క. కేరేజీ మంచం కిందే ఉన్నాది. ఇదివరకు అక్కడ పట్టీది కాదు. ఇప్పుడు పడతంది.

*

నౌపడ

జగ్గారావుకి.

‘ఇప్పుడు పడతంది’ అన్న ముక్క నాకు అర్థం కాలేదు. అర్థం సేసుకోవాలని కూడా లేదు. ఎందుకంటే ఇంకోటి అర్థమైపోనాది.

గార్డు బ్రేకు సంగతి సదివి హైమకి వినిపించినాను. ‘ఇంకేటమ్మా నీ భయం’ అన్నాను. కత్తిపీట పక్కకి తోసీసినాది. ‘నాన్నా, తీగ తెగిందని నేనొచ్చీలేదు. ఇనుమన్నాక తెగుతాది. తెగీసరికి ఆయన తలుపు మీంచి దూకీసినాడు. నన్ను బండిలో ఒగ్గీసి దూకీసినాడు. కింద గేటు మూసున్నాది, రైలు కూత వినపడతంది. నేను కళ్ళు మూసీసుకున్నాను. తెరిసి సూస్తే పప్పు బస్తాల మధ్యనున్నాను. ఆయన సెప్పులు ఎక్కడో ఎగువన రోడ్డు మీద పడున్నాయి’ అని ఎక్కెక్కి ఏడిసినాది.

ఒరే, బండి పట్టా తప్పినా గార్డు వేన్ ఒగ్గడు. నువ్వు పెళ్ళాన్నొగ్గీసినావు. ‘సెయ్యవలసింది సేసినాను’ అని రాయడానికి నీకు సెయ్యెలాగొచ్చింది? బ్రేకుల సంగతి నాకిక రాయొద్దు. పిల్ల ఇక్కడే ఉంటాది.

తవిటయ్య

తా.క. లేదు.

*

న్యూ సెటిల్‌మెంట్

మావయ్యా,

దూకినాను. అది నిజం. గాని హైమ అలాగనుకుంటాదని నాకు కల్లో కూడా తోచలేదు. అది మాటాడకపోతే కారు మీద కోపం అనుకున్నాను. అంచేత కారు బాగుసేసినాను. నాకు తెలిసిన పని అదే.

యార్డులో వేగను దానంతటది దొర్లిపోతే మనమేటి సేస్తాము? దానికి ముందుగా పరిగెత్తి చక్రం కింద కర్రదిమ్మ ఎయ్యమా? కారు ఇంకా ఊపందుకోలేదు. దూకి, సెప్పులు ఊడిపోయినా సూసుకోకుండా ముందుకి పరిగెత్తినాను. దిమ్మ లేదు. దూకినప్పుడు సీట్లోంచి లాక్కున్న మీ కేరేజీ సేతిలో ఉన్నాది. అదే ముందు చక్రం కింద తోసీసినాను. సేతి ఏళ్ళు ఎలాగ మిగిలినాయో నాకే తెలీదు. చక్రం దాని మీదకెక్కి, కారు గేటు వేపు పోకుండా పక్కకి తిరిగి బస్తాల్లోకి ఎల్లినాది. గార్డు కూతురు కదా, హైమ సూసే ఉంటాది అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాదని నాకేటి తెలుసు?

కేరేజీ అప్పడంలాగ అయిపోనాది. ముప్పయ్యేళ్ళు మీరు ప్రాణంగా సూసుకున్నది. మీకు సెప్పడానికి భయమేసినాది. కారు దొర్లినప్పుడు వెయ్యని భయం అప్పుడేసినాది. హైమ లేని ఇంట్లో నాకు ముద్ద దిగడం లేదు మావయ్యా. కేరేజీని ఇయాళే రైలు పార్సెల్లో ఏసినాను. సూసి మీరే తేల్చండి.

జగ్గారావు

తా.క. నడిమి గిన్నెలో పులిహోర అతుక్కుపోయి ఉన్నాది. ఉలి పెట్టినా రాలేదు. అది చీమలు పట్టకముందే సూడండి.

*

నౌపడ

చిరంజీవి అల్లుడు జగ్గారావుకి మావ తవిటయ్య అనేక దీవెనలిచ్చి రాయునది.

పార్సెలు అందినాది. మీ అత్త గోనె విప్పి ‘ఏటిది, తాంబూలం పళ్ళెమా’ అన్నాది. నేను కళ్ళజోడెట్టుకొని, వాకిట్లో ఎండకి పెట్టి పరీక్ష సేసినాను. మూత మీద టైరు అచ్చు తీరుగా పడినాది. పిడి బండికి అవతల వేపు మడతపడినాది. అంటే ఇసిరి పారీలేదు, ఎదురుగా నిలబడి సేత్తో తోసినావు. పారిపోయీవోడు బండికి ఎదురెల్లడు. నీ తప్పేటీ లేదని తేల్చినాను.

హైమ దాన్ని ఒళ్ళో పెట్టుకొని నవ్వినాది, ఏడిసినాది, మల్లీ నవ్వినాది. ‘ఈ మాట నోటితో సెప్పడానికేటి రోగం ఆయనకి’ అని తిట్టినాది కూడా. అది బాగానే తిట్టినాది, నేను అడ్డు రాలేదు. ఇయాళ మా ఇంట్లో బెండకాయ కూర.

ఆ కేరేజీ నాకు ముప్పయ్యేళ్ళు అన్నం పెట్టినాది. అది పోయిందని నాకు బాధ లేదు, నా బిడ్డ ఉన్న బండికి అడ్డుపడి పోనాది. పిల్ల గురువారం బండికి బయల్దేరుతంది. కేరేజీ కూడా పట్టుకొస్తంది. స్టేషనుకి కారు తీసుకురా.

మీ మావ
తవిటయ్య

తా.క. హైమ నీకేదో షరతు పెడతాదట. నాకు సెప్పలేదు, నవ్వుతంది. వాళ్ళమ్మ అలాగ నవ్వినప్పుడల్లా నాకు కొత్త పని పడీది. జాగ్రత్త.

*

న్యూ సెటిల్‌మెంట్
దసరా వెళ్ళినాక

మావయ్యగారికీ అత్తయ్యగారికీ దణ్ణాలెట్టి రాయునది. ఇక్కడ ఇద్దరమూ క్షేమం. కారూ క్షేమం.

పండగనాడు అనుకున్నట్టే కారులో గుడికి ఎల్లినాము. కొత్త బ్రేకుల సంగతి ఏటి సెప్పమంటారు! ఝపటాపూర్ దిగుడులో కారుని సూసి చెన్నకేశవరావుగారు బస్తాలు లోపలికి ఈడ్పించీసినారు. గాని కారు ఆయన గుమ్మానికి జానెడు దూరంలో, గ్లాసులో నీళ్ళు తొణక్కుండా ఆగినాది. స్టీరింగు పట్టిన సెయ్యి కూడా అంత గట్టిది మరి. ఆయన దిగొచ్చి కిలో కందిపప్పు ఊరికే ఇచ్చినారు. న్యూ సెటిల్‌మెంటోళ్ళంతా గుమ్మాల్లోకొచ్చి నిలబడినారు. నేను పచ్చజెండా ఊపినాను. ఈల కూడా ఏసినాను.

మీరన్నదే నిజం మావయ్యా, బండికి ఇద్దరుండాల, ఇద్దరికీ చెరో బ్రేకుండాల. నా బ్రేకు బాగా పనిసేస్తంది. లాగమన్నప్పుడే లాగుతున్నాను.

మీ అల్లుడు
జగ్గారావు, గార్డు

తా.క. నాన్నా, నేను హైమని. నా షరతు నీకు అర్థమై ఉంటాది. స్టీరింగూ ఆయిల్ బ్రేకూ నావి. ఆయనే నేర్పినాడు, బాగా నేర్పినాడు. ఆయన నడుముకి నా పాత కోక సుట్టి సీటుకి ముడేసినాను. ఇక దూకడానికీ లేదు, దేముడన్నయ్యలాగ ఎగరడానికీ లేదు. కేరేజీ ఆయన ఒళ్ళోనే పెట్టినాను. అవసరం పడితే కూకున్నకాడ్నుంచే ఇసరమన్నాను.