తెర వెనక ఊగిన కాలు

1992 అక్టోబర్ 6, మంగళవారం

మా ఆయన టీవీలో కనిపించారు. కనిపించారంటే, తెల్లతెర వెనక నీడ మాత్రమే. గొంతు కూడా మార్చేశారు, డ్రమ్ములోంచి వస్తున్నట్టుంది. తమ నిఘా ఆఫీసు దొంగచాటుగా ఎవరెవరి ఫోన్లు వింటుందో అంతా చెప్పేశారు. ప్రొఫెసర్లు, పాస్టర్లు, ఆఖరికి పాటలు రాసేవాళ్ళవి కూడా.

ఈ రికార్డింగ్ పోయిన వారమే అయిందట. ఆ మనిషి ఇప్పుడు నా పక్కనే కూర్చుని బార్లీ టీ తాగుతున్నారు. ఎవరూ గుర్తుపట్టరు, భయపడకు అన్నారు.

టీవీలో నీడ కుడికాలు అదేపనిగా ఊగుతోంది. పక్కకు చూశాను. ఈయన కాలూ ఊగుతోంది.

అక్టోబర్ 9

రోజూ ఆఫీసుకు వెళ్తూనే ఉన్నారు. మానేస్తే అనుమానం వస్తుందట. చెప్పింది ఎవడో తేల్చడానికి ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారట. ఇంట్లో ఫోన్ జాగ్రత్త, మా ఉద్యోగులవీ వింటారు అన్నారు. ఇంత తీరిగ్గానా చెప్పేది! ఆయన గడప దాటింది మొదలు తిరిగొచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాను.

అక్టోబర్ 18, ఆదివారం

కామెడీ షోలో ఒకడు దుప్పటి వెనక కూర్చుని డ్రమ్ము గొంతుతో మాట్లాడాడు. కాలు ఎంతలా ఊపాడంటే, కుర్చీతో సహా బోర్లా పడ్డాడు.

కింది వాటా ఇంటావిడ పనిగట్టుకుని పైకొచ్చింది. చూశావా అమ్మాయ్, కాలే నిలవని మనిషికి కడుపులో మాటేం నిలుస్తుందే అంది. నేనూ నవ్వాను. దవడలు నొప్పెట్టేదాకా నవ్వాను.

అక్టోబర్ 20

ఆఫీసులో అందరూ కాళ్ళు ఊపి నవ్వుకుంటున్నారట. ఈయనా ఊపారట. ఊపకపోతే దొరికిపోయేవాణ్ణి అని చెబుతూ చెబుతూనే బాత్రూమ్‌కు పరుగెత్తి వాంతి చేసుకున్నారు.

అక్టోబర్ 23

ఆ నీడ మనిషి మీద సినిమా కూడా తీస్తారట, పేపర్లో పడింది. హీరో దేనికీ జడవడట, చివర్లో పదిమందిని తంతాడట. మా ఆయన బొద్దింకను కూడా నన్నే చంపమంటారు.

అక్టోబర్ 25, ఆదివారం

వాళ్ళ ఊరు మిర్యాంగ్ నుంచి అత్తయ్య ఫోన్. ఆ ప్రోగ్రామ్ మళ్ళీ వేశారట, ఆవిడ ఇవాళే చూసిందట. ఏమే కోడలా, మా గీహ్వాన్‌కి చెప్పు, టీవీకెక్కి కూడా కాలు ఊపుడేనా? ఊపితే అదృష్టం రాలిపోతుందిరా అని చిన్నప్పట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా అంది.

ఆయన కాదు అత్తయ్యా, మీరు పొరబడ్డారు అన్నాను. కన్నది నేనా నువ్వా అని కసిరింది. ఫోన్‌లో వద్దు, ఎవరన్నా వింటారు అనేశాను. నా నోరు పడిపోను!

ఆవిడ గొంతు పెంచి, ఓ వినే నాయనలారా, అన్నాలు తిన్నారా? ఏ తల్లి కన్న బిడ్డలో, పెందరాళే తిని ఇళ్ళకు పోండయ్యా, మావాడి జోలికి రాకండి అంది.

నేనే ఫోన్ పెట్టేశాను.

అక్టోబర్ 26, ఉదయం

రాత్రే ఆయనకు చెప్పాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పొద్దున్నే స్నానం చేసి, కొత్త మేజోళ్ళు అడిగి వేసుకుని, ఆఫీసుకు వెళ్ళారు.

అదే రోజు, సాయంత్రం

ఆయన ఇంకా ఇంటికి రాలేదు. ఫోన్ మోగింది. ఎవరిదో కుర్ర గొంతు, ఎంతో మర్యాదగా ఉంది. వదినగారూ, మీ అత్తగారితో అందరం తిన్నామని చెప్పండి, అన్నయ్య కూడా ఇవాళ మాతోనే తిన్నారు అన్నాడు.