ఆలోయిస్ ఉన్ని టోపీ ఎవరికి చెందాలి

ఏలూరులో పుట్టి, ప్రస్తుతం జర్మనీ దేశం, బవేరియా రాష్ట్రం, డెగ్గెన్‌డార్ఫ్ పట్టణంలో అద్దె ఇంట్లో కాపురముంటున్న, కీర్తిశేషులు దైవసహాయం మాస్టారి కుమారుడు జయసాగర్ అను నేను, యాభై ఒక్క సంవత్సరాల వయసులో, నా పూర్తి తెలివితో, స్థిమితమైన మనసుతో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది.

బలవంతం లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. నిన్న భోజనాల దగ్గర నా భార్య ఏసుకుమారి పప్పు గిన్నె ఠక్కున కింద పెట్టి, "హెల్మెట్ పెట్టుకోరు కదా! అయితే ఆ వీలునామా ఏదో రాసి పడేసి ఎక్కండి ఆ కొండ. ఆ తర్వాత మీ ఇష్టవండి బాబూ," అంది. ఆమె వృద్ధాశ్రమంలో నర్సు. ఈ కరోనా రెండేళ్ళలో ఎన్ని చావులు చూసిందో నాకు చెప్పదు, నేను అడగను. ఆమె మాటను మాటగా తీసుకుని ఈ సాయంత్రం కాగితాలు ముందేసుకున్నాను. రేపు శనివారం, పొద్దున్నే స్కీయింగ్‌కి వెళ్తున్నాను. మనసు స్థిమితంగా ఉందన్న డాక్టరు సర్టిఫికెట్ మాత్రం జతపరచడం లేదు. టెర్మిన్, అంటే డాక్టరు అపాయింట్‌మెంట్, మే నెలలో దొరికింది.

నమూనాగా మా నాన్న వీలునామా ఫోటో ఎదురుగా పెట్టుకున్నాను. దాన్ని రాసింది ఏలూరు దస్తావేజు లేఖరి కనకయ్య గారు. ఆయన భాష నాకు చేతకాదు గాని వరస మాత్రం ఆయనదే. ఒక్క తేడా ఉంది. కనకయ్య గారు రాస్తే నాన్న సంతకం పెట్టారు. ఇక్కడి చట్టం ప్రకారం సొంత వీలునామా చెల్లాలంటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నా చేత్తోనే రాయాలట. సాక్షులు అక్కర్లేదట. అయినా మన పద్ధతి వదులుకోవడం ఇష్టం లేక ఇద్దరిని పిలిచాను.

పక్క గదిలో మా అమ్మాయి మిరియం ఏదో అల్లుతోంది. సూదుల చప్పుడు గోడలోంచి వినిపిస్తూనే ఉంది. వారం రోజులుగా ఇదే వరస.

1. నా దేహాన్ని ఈ ఊళ్ళోనే పాతిపెట్టాలి. ఏలూరు తీసుకెళ్ళే హడావిడి వద్దు. ఇక్కడ సమాధి స్థలం కూడా కొన్నేళ్ళ గడువుకే ఇస్తారని, గడువు తీరాక మళ్ళీ డబ్బు కడితేనే ఉంచుతారని మొన్ననే తెలిసింది. మీటె అంటే అద్దె. బతికుండగా మీటె, పోయాక మీటె. గడువు తీరాక నన్ను ఖాళీ చేయించినా నాకు అభ్యంతరం లేదు. ప్రార్థన క్లుప్తంగా జరపాలి. మన ప్రార్థన కూడిక పెద్ద రవీంద్రనాథ్ గారికి మైకు ఇవ్వకూడదు. ఆయన ఈ వీలునామాకు సాక్షి కాబట్టి ఈ వాక్యం చదివే సంతకం చేస్తారు.

2. బ్యాంకులో ఉన్నది, ఇంట్లో ఉన్నది, కారు, అన్నీ నా భార్య ఏసుకుమారికి చెందుతాయి. ఇందులో ఇంకెవరికీ ఏ హక్కూ లేదు. దీనితోపాటు ఒక మాట. నైట్ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడి ఒంటరిగా టీ తాగుతావు చూడు, ఆ టీ నేను పెట్టి ఉంచాల్సింది. చాలాసార్లు నిద్ర నటించాను. ఆ ఎర్ర అంచు కప్పు ఎవరికీ ఇవ్వకు, నీ దగ్గరే ఉంచుకో.

3. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత హాంబర్గ్‌లో విమానాల మరమ్మతు పనిలో ఉన్న నా బావమరిది ఆషర్‌ది. నిబంధనలంటే అతనికి ప్రాణం కాబట్టి ఈ పని బాగా చేస్తాడు. మొన్న క్రిస్మస్‌కి మా ముగ్గురికీ మూడు హెల్మెట్లు పార్సిల్ పంపి, "బావా, తల ఒక్కటే. స్పేర్ పార్ట్ దొరకదు," అని చీటీ పెట్టిన మనిషి ఇతనే. ఇదే ఆషర్ విజయవాడలో బండి నడిపే రోజుల్లో హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని తిరిగేవాడు. సిగ్నల్ దగ్గర పోలీసు కనిపిస్తే నెత్తిమీదకి ఎక్కించేవాడు, సందు తిరగ్గానే దించేసేవాడు. బకిల్ పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. చట్టం హెల్మెట్‌ని నెత్తిదాకా తీసుకెళ్ళగలదు, బకిల్ మాత్రం ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి. ఈ సంగతి నేను చెబితే అతను నవ్వి ఊరుకుంటాడు. నా హెల్మెట్ ఇంకా రంగు కాగితం కూడా విప్పకుండా నేలకింది సామాన్ల గది, కెల్లర్‌లో ఉంది. అది అతనికే తిరిగి చెందుతుంది.

4. కింది అంతస్తు ఫ్రావ్ ఐగ్నర్ గారికి నేను నెత్తళ్ళు వేయించే ఇనప మూకుడు. ఆ వాసన గురించి ఆవిడ ఇంటి యజమానికి రాసిన ఉత్తరాలన్నీ నాకు తెలుసు. లాక్‌డౌన్‌లో మా ఇంటిల్లిపాదికీ కరోనా వచ్చి పడుకున్నప్పుడు, గుమ్మం ముందు రోజూ సూప్ గిన్నె పెట్టి, బెల్లు కొట్టి మెట్లు దిగిపోయింది కూడా ఆవిడే. అందుకే మూకుడు కడిగి ఇవ్వండి.

5. నా స్కీలు, బూట్లు, కర్రలు, నా పుస్తకాలు, నా తల్లి బైబిలు, ఇవన్నీ నా ఏకైక కుమార్తె, పదహారేళ్ళ మిరియంకి చెందుతాయి. ఏసుకుమారి తదనంతరం ఆమె ఆస్తి కూడా మిరియందే. కనకయ్య గారి నమూనాలో దీని కిందే ఇంకో వాక్యం ఉంది. వారసులు నాకంటే ముందు గతిస్తే ఏంచేయాలి అన్నది. అది తర్వాత రాస్తాను.

ముందు టోపీ సంగతి తేల్చాలి.

బూడిదరంగు ఉన్ని టోపీ, ఆకుపచ్చ చార ఉన్నది, ఇప్పుడు నా ముందు బల్లమీద ఉంది. అది ఆలోయిస్‌ది. ఆలోయిస్ ఈ ఊరి రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్. నలభై దాటాక నాకు స్కీయింగ్ నేర్పినవాడు. మంచులో బోర్లా పడిన ప్రతిసారీ చెయ్యి ఇచ్చి లేపి, మాట్లాడకుండా ముందుకి వెళ్ళేవాడు. చిన్నప్పటి నుంచీ ఆ టోపీతోనే కొండ దిగాడు. గాలి చెవులకి తగలకపోతే తానెంత వేగంగా వెళ్తున్నాడో మనిషికి ఎలా తెలుస్తుంది అని అతని వాదన. నాకు అది నచ్చింది. కొండమీదకి తీసుకెళ్ళే లిఫ్టులు మూసేసిన ఆ కరోనా చలికాలం మేమిద్దరం స్కీలు భుజాన వేసుకుని కొండ ఎక్కేవాళ్ళం. ఆఫీసుకి మాస్కు, దుకాణానికి మాస్కు, ప్రార్థనకి మాస్కు. పైన చెట్ల మధ్య నిలబడినప్పుడు మాత్రం నా ముఖం నాది, నా ఊపిరి నాది. అంత సంతోషం నా జీవితంలో చాలా తక్కువసార్లు కలిగింది. హెల్మెట్ పెట్టుకోమన్న ప్రతివాళ్ళూ ఆ సంతోషంలోంచి కొంత కోసి ఇమ్మన్నట్టే నాకు వినిపించేది.

ఇటలీలో ఈ జనవరి నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళందరికీ మంచుమీద హెల్మెట్ తప్పనిసరి చేశారు. ఇక్కడ అలాంటి చట్టం లేదు. లిఫ్టు ఎక్కాలంటే మాస్కు కావాలి, టీకా కాగితం కావాలి, నెత్తి సంగతి ఎవరూ అడగరు. ముక్కుకి చట్టం ఉంది, నెత్తికి లేదు అని భోజనాల దగ్గర చాలాసార్లు నవ్వాను. నా తల నా సొంతం, దానిమీద ఏముండాలో సర్కారు చెప్పక్కర్లేదు అన్నాను. నేను వాదిస్తుంటే మిరియం చెంచా ఆపి వినేది. అది నా గెలుపనుకున్నాను.

జనవరి చివర్లో ఆలోయిస్ పడ్డాడు. వేగంగా వెళ్తూ కూడా కాదు. కాఫీకి ఆగుదామని మలుపు తీసుకుంటుంటే గట్టి మంచుమీద స్కీ జారి, పక్కనున్న మొద్దుమీద పడ్డాడు. కుడి చెవికి పైన దెబ్బ. నేను కిందికి వచ్చేసరికి కూర్చునే ఉన్నాడు, బాగానే ఉన్నానన్నాడు. కాసేపటికి నన్ను ఎవరిదో పేరుతో పిలిచాడు. ఆ పేరు నాది కాదు.

ఇప్పుడు ఇంట్లోనే కిటికీ పక్కన కూర్చుంటాడు. అతని భార్య ట్రౌడల్ టోపీని ఉతికి, చిరిగినచోట అదే రంగు ఉన్నితో అల్లి, "ఇది నా ఇంట్లో ఉండొద్దు," అని నాకిచ్చింది. కిందటి వారం చూడ్డానికి వెళ్ళినప్పుడు టోపీ కూడా తీసుకెళ్ళాను. నన్ను గుర్తుపట్టలేదు. మాస్కు ఉంది కదా, అందుకే అనుకుని మాస్కు తీశాను. నా ముఖం మర్యాదగా చూసి, టోపీ వైపు చూపిస్తూ, "మంచి టోపీ. ఎవరిది?" అని అడిగాడు.

ఆ టోపీ పెట్టుకునే రేపు కొండ దిగాలని నిశ్చయించుకున్నాను. అది నా గురువుకి నేనిచ్చే గౌరవం అనుకున్నాను. ఆ మాట చెప్పినందుకే నిన్న పప్పు గిన్నె అంత చప్పుడు చేసింది.

నిన్నటి గురించి చెప్పడం మరిచిన విషయం ఇంకొకటుంది. ఏసుకుమారి లేచి వెళ్ళాక మిరియం, "డాడీ, ఆ మ్యూట్సె నీ తర్వాత నాకే కదా?" అంది. మ్యూట్సె అంటే టోపీ. ఇంతవరకూ నన్ను నాదేదీ అడగని పిల్ల. అలాగేనని తల ఊపాను. ఈ ఆరో నిబంధన ఆ టోపీ కోసమే. ఆలోయిస్ ఉన్ని టోపీ నా కుమార్తె మిరియంకి చెందుతుంది అని రాయాలి. అంతే రాయాలి.

ఇందాక, రేపు నాతో వస్తున్న ఆ పిల్ల హెల్మెట్ సిద్ధంగా ఉందో లేదో చూద్దామని చలికోట్ల గదిలోకి వెళ్ళాను. కొక్కెం ఖాళీగా ఉంది. అడిగితే తలుపు సందులోంచే జవాబిచ్చింది. "అమ్మేశా డాడీ, ఆన్‌లైన్‌లో. ఉన్ని కొనుక్కున్నా. నీ మ్యూట్సె ఇప్పుడే ఇవ్వవు కదా, సో నాది నేనే అల్లుకుంటున్నా. రేపు ఇద్దరం సేమ్." వద్దన్నాను. "ఇక్కడ గెజెట్స్ లేదు కదా, డాడీ. నువ్వే చెప్పావ్. మైన్ కోప్ఫ్," అంది. గెజెట్స్ అంటే చట్టం. మైన్ కోప్ఫ్ అంటే నా తల. చట్టం లేదని, నా తల నాదని నేను ఏ గొంతుతో అంటానో అచ్చం ఆ గొంతుతోనే అంది. గదమాయిస్తే నేనూ ఒక సర్కారునే అవుతాను.

వచ్చి మళ్ళీ కూర్చున్నాను. టోపీ నిబంధన పక్కన పెట్టి, ఇందాక వదిలేసిన వాక్యం ముందు పూర్తిచేద్దామనుకున్నాను. నాన్న వీలునామాలో అది ఇలా ఉంది: "సదరు నా కుమారుడు జయసాగర్ దైవవశాత్తూ నాకంటే ముందుగా గతించిన యెడల". నేను కాలేజీలో చదివే రోజుల్లో నాన్న రాయించిన కాగితం అది. నాన్న ఇది ఎలా రాయగలిగారా అని ముందు ఆశ్చర్యపోయాను. తర్వాత గుర్తొచ్చింది. నాన్న రాయలేదు. కనకయ్య గారు రాశారు. నాన్న అటువైపు చూడకుండా కింద సంతకం పెట్టి ఉంటారు.

ఇక్కడ నాకు కనకయ్య గారు లేరు. ప్రతి అక్షరం నా చేత్తో రాయాలన్నది చట్టం. ఏ చట్టమూ ముట్టుకోకూడదన్న నా జీవితాన్ని ఈ ఒక్క చట్టం వచ్చి గొంతు దగ్గర పట్టుకుంది. "నా కుమార్తె" అని రాశాను. ఆ పిల్ల పేరు రాశాను. "నాకంటే" దగ్గర పెన్ను ఆగింది. నాకు భయమేసింది. ఇందులో దాచుకోవడానికేమీ లేదు, రాసినంత మేరా కొట్టేశాను. కొట్టివేత కింద పొడి సంతకం ఉంది, చూసుకోవచ్చు.

6. 

ఆరో నిబంధన అంకె వేసి ఖాళీగా వదిలేశాను. టోపీ ఎవరికి చెందాలన్నదీ, మిరియం లేకపోతే ఏమిటన్నదీ రెండూ ఇందులోనే రావాలి. ఆ టోపీ ఆ పిల్ల నెత్తికెక్కితే రెండూ ఒకటేనని ఇప్పుడు తెలిసింది. ఇందులో ఎవరూ ఏదీ పూరించకూడదు.

అమ్మా మిరియం, నేను పోయాక నా మాట మీరంతా వినక తప్పదు, కోర్టు వినిపిస్తుంది. బతికుండగా నీచేత వినిపించే కాగితం ఏ దేశంలోనూ లేదు. చట్టం రావాలని నేను ఇప్పటికీ కోరను. అడగడం ఒక్కటే నాకు మిగిలింది. అడుగుతున్నాను.

3వ నిబంధనకు సవరణ: కెల్లర్‌కి వెళ్ళి ఆషర్ పార్సిల్ విప్పాను. ఆ హెల్మెట్ ఇక అతనికి తిరిగి చెందదు. ఈ వాక్యాలు రాసేటప్పుడు అది నా తలమీద ఉంది. గడ్డం కింద బకిల్ పెట్టాను. మిరియం, మీ అమ్మ హెల్మెట్ బీరువామీద ఉంది, అది నీకు సరిపోతుంది.

సూదుల చప్పుడు ఆగిపోయింది.

సాక్షులిద్దరూ వచ్చారు, రవీంద్రనాథ్ గారు, ట్రౌడల్. ట్రౌడల్ నా హెల్మెట్ వైపు చూసింది. బల్లమీద టోపీ చూసి కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది. అప్పుడు మిరియం తన గది తలుపు తీసుకుని వచ్చింది. నెత్తిమీద కొత్త టోపీ ఉంది, బూడిదరంగు, ఆకుపచ్చ చార. చాలా బాగా అల్లింది. ట్రౌడల్ లేచి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, కుడి చెవికి పైన వేలు పెట్టి, "ఇక్కడ," అంది. వేలు తీయలేదు.

మిరియం నా వైపు చూస్తోంది. టోపీ ఇంకా తీయలేదు.

పైన రాసినదంతా నా ఇష్టపూర్వకంగా రాసినదేనని, ఖాళీగా ఉంచినది అంతకంటే ఇష్టపూర్వకంగా ఉంచినదేనని తెలియజేస్తూ చేవ్రాలు చేస్తున్నాను.

డెగ్గెన్‌డార్ఫ్, 2022 మార్చి 4, శుక్రవారం సాయంత్రం

(సంతకం) జయసాగర్

సాక్షులు:

రవీంద్రనాథ్, కూడిక పెద్ద. మొత్తం చదివాను. మైకు విషయం కూడా చదివాను. ఆరో నిబంధన ఖాళీగా ఉండగా చూసి సంతకం చేశాను.

ట్రౌడల్, ఆలోయిస్ భార్య. తెలుగు రాదు. ఖాళీ జాగా ఎందుకో అడిగి తెలుసుకున్నాను. దాన్ని అలాగే ఉంచమని దేవుణ్ణి అడిగి సంతకం చేశాను. (ఆమె జర్మన్‌లో చెప్పగా తెలుగులో రాసినది: రవీంద్రనాథ్)