బయటికెళ్లి మాట్లాడుకోవాలి

జీగెన్, నవంబరు 2020, శనివారం

వేట సామాన్ల షాపులో నేను అమ్మేది బూట్లే. అయినా ఇవాళ్టి తుపాకీ కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

కరోనాతో భర్త పోయిన ఒక ముసలామె ఆయన తుపాకీ అమ్మడానికి తెచ్చింది. మరీ పాతదని ఓనర్ తీసుకోలేదు. "ఆయుధాల లైసెన్సు ఆఫీసులో ఇచ్చేయండి, ముక్కలు చేస్తారు," అన్నాడు. ఆమె మాస్కు తడిసిపోయింది.

పక్కనే టోపీలు చూస్తున్న వేటగాడు అలాంటి తుపాకీ కోసమే ఎన్నాళ్లుగానో తిరుగుతున్నాడు. లైసెన్సూ ఉంది. కానీ ఇక్కడి మర్యాద ప్రకారం షాపులో కస్టమర్లు తమలో తాము బేరాలాడకూడదు, ఓనర్‌తో మాట్లాడేవాళ్ల మధ్య దూరకూడదు. ఏదైనా బయటికెళ్లాకే. అతను నా వైపు చూశాడు. నేను ఓనర్ వైపు చూశాను. ఓనర్ తల అడ్డంగా ఊపాడు.

ఆమె తలుపు దాటాకే అతను పరుగెత్తాడు. ఆమె ఎక్కిన ట్యాక్సీ అప్పటికే మలుపు తిరిగింది. ఆమె పేరు మాలో ఎవరికీ తెలియదు.

మా ఆయనకు చెబితే, "తుపాకుల లొల్లి నీకెందుకే? ఈ పరాయి దేశంల ఈ పార్ట్‌టైం మినీజాబ్ పోతే మళ్ల దొరుకుతదా?" అన్నాడు. నిజమే. దొరకదు.

సోమవారం దాన్ని ముక్కలు చేసేస్తారేమో. మా షాపులో మాత్రం ఎవ్వరం మర్యాద తప్పలేదు.