ఎత్తినవాళ్ళే దించాలి

వెస్ట్ మెంఫిస్,
ఆదివారం.

అమ్మకి,

దేవుడి దయవల్ల ఇక్కడ నేను, నది అవతల మెంఫిస్‌లో తమ్ముడు టెరెల్ ఒంట్లో బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి కాస్త తగ్గిందనీ, నీ గదిలో ఆవిడ గురక మాత్రం తగ్గలేదనీ రాశావు. చదివి నవ్వుకున్నాను. జైల్లో కూడా నీకు గురకపెట్టేవాళ్ళే దొరికారన్నమాట, నాన్న పోయాక నీకు నిద్ర పట్టదని భయపడ్డాం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. యూలా పెద్దమ్మని శవపెట్టెలో పడుకోబెట్టేటప్పుడు ఊదారంగు గౌను తొడిగాం. టోపీ పెట్టాలా వద్దా అని చర్చి ఆడవాళ్ళు కొట్టుకున్నంత పని చేశారు. చివరికి పాస్టరుగారు "పక్కన పెట్టండమ్మా, పైకి వెళ్ళాక ఆవిడే అద్దం చూసి పెట్టుకుంటుంది" అన్నారు. నిన్ను రానివ్వలేదని చెప్పినప్పుడు చర్చంతా నీ పేరు చెప్పి ప్రార్థన చేసింది. తర్వాత అందరూ కింది హాల్లో చేపల వేపుడూ, మొక్కజొన్న రొట్టే తిన్నారు. ఆకుకూర ఉప్పు కషాయం. నువ్వుంటే వండినావిడ పరువు తీసేదానివి.

టెరెల్ తెల్ల చేతి తొడుగులు వేసుకుని పెట్టెని తలవైపు పట్టుకున్నాడు. పదిహేనేళ్ళకే భుజాలు అచ్చం నాన్నవే వచ్చాయి. ఏడవలేదు. అంతా అయ్యాక చర్చి వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడు.

ఇక వాడి బదిలీ సంగతి. నువ్వు మూడు ఉత్తరాల్లో అడిగావు, నేను దాటేస్తూ వచ్చాను. దొంగ కారులో దొరికినందుకు వాణ్ణి జైల్లో పెట్టకుండా కోర్టు నిఘాలో వదిలారు కదా. పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడే పూచీ. ఆవిడ పోయాక కోర్టువాళ్ళు చూపించిన పరాయి ఇంట్లో ఉంటున్నాడు. నా దగ్గరికి రావాలంటే వాడి సంరక్షణ నా పేరు మీదికి మారాలి, వాడి నిఘా మెంఫిస్ ఉన్న టెనెసీ నుంచి నేనున్న అర్కాన్సాకి మారాలి. రెండు రాష్ట్రాలూ సరేననాలి. అప్పటిదాకా అనుమతి లేకుండా వాడు వంతెన దాటితే తప్పు. కారులో పావుగంట కూడా పట్టదు. నేను పనిచేసే చోట ట్రక్కులవాళ్ళు ఆ వంతెన మీదుగా రోజుకు రెండుసార్లు పోయివస్తారు.

ఇటువైపు నిఘా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి నా ఇల్లు చూశాడు. ఫ్రిజ్ తెరిచాడు. వాడికోసం కొన్న మంచం కింద వంగి చూశాడు. తుపాకీ ఉందా అన్నాడు. "హోటల్లో వంట చేసేదాన్నండీ, అట్లకాడే నా తుపాకీ" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి ఎప్పుడు ఫోన్ మోగినా అట్లకాడ వదిలేసి పరిగెడుతున్నాను. హోటల్ వంటింట్లో మేనేజరు "ఏంటి ఆర్లీతా, అప్పులవాళ్ళా?" అని ఏడిపిస్తాడు. అప్పులవాళ్ళయితే ఎంత బాగుండేది.

ఇల్లు పాస్ అయింది. వాడు రావడమే తరువాయి అనుకున్నాం. అప్పుడే గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది.

అంత్యక్రియలనాటి పొద్దున పెద్దమ్మ వంటింట్లో నా ఫోన్‌కి నువ్వు చేశావు, గుర్తుంది కదా. నా చేతులకి పిండి ఉందని స్పీకర్ పెట్టాను. వాడు నీకు చెప్పాడు: "అమ్మా, నాకు చర్చి దాకే పర్మిషన్. శ్మశానం నది అవతల ఉంది కదా, అక్కడికి వెళ్ళకూడదంట. ఆ పర్మిషన్ అడుగుదామంటే ఆఫీసు మూసేశారు."

నువ్వేమన్నావో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఒరేయ్, మనింట్లో ఎత్తినవాళ్ళే దించాలి. మీ తాతని అలాగే పంపాం, మీ నాన్నని అలాగే పంపాం. నేనెలాగూ రాలేను. నా బదులు నువ్వు కూడా సగంలో వదిలేస్తే రేపు పైకెళ్ళి మా అక్క మొహం నేనెలా చూడనురా? శవం వెనక పోయేవాణ్ణి ఏ పోలీసు ఆపుతాడు? వెళ్ళు."

వెళ్ళాడు. నేనూ అదే కారులో వాడి పక్కనే కూర్చున్నాను. వంతెన మీద వాడు నా చెయ్యి పట్టుకుని "అక్కా, తిరిగిపోదామా?" అన్నాడు. ముందు శవం బండి, వెనక లైట్లు వేసుకుని ఇరవై కార్లు. అందులోంచి ఎలా తిరుగుతాం? "కళ్ళు మూసుకో" అన్నాను. పెద్దమ్మని నాన్న పక్కనే దించాం. వాడు ఆ తొడుగులు తీసి పెట్టె మీద పెట్టాడు.

శ్మశానంలో తీసిన ఫొటోలన్నీ చర్చివాళ్ళు ఇంటర్నెట్‌లో లోకం చూసేలా పెట్టారు. సరిగ్గా ఇల్లు పాస్ అయ్యాక మెంఫిస్‌లో వాడి నిఘా ఆఫీసరు మిస్ ప్రూయిట్ కూడా వాటిని చూసింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. పిలిచి, నా ముందే అడిగింది: "ఎవరైనా వెళ్ళమన్నారా బాబూ?"

"లేదండీ. రూల్ మర్చిపోయాను" అన్నాడు.

"మర్చిపోయావా? నిజం చెప్పు."

"మర్చిపోయానండీ."

ఆవిడ నా వైపు తిరిగింది. "ఇక్కడ నా కళ్ళ ముందుంటేనే మర్చిపోయేవాణ్ణి ఇంకో రాష్ట్రానికి ఏ ధైర్యంతో పంపమంటారమ్మా? జడ్జిగారికి నేనేం చెప్పను?" బదిలీ ఆగిపోతుందనీ, జడ్జికి కోపం వస్తే పద్దెనిమిదేళ్ళు నిండేదాకా పిల్లల జైలు లాంటి తాళం వేసిన చోటికి పంపినా పంపుతాడనీ చెప్పింది.

బయటికొచ్చాక పార్కింగులోనే వాణ్ణి తిట్టాను. "నీకు బుర్ర ఉందా? అమ్మ చెప్పిందని ఎందుకు చెప్పలేదు?"

"అమ్మకి వసంతంలో పెరోల్ బోర్డు ఉంది కదా. విడుదల అడగబోయేముందు, కోర్టు మాట కొడుకు చేత తప్పించిందని తెలిస్తే ఇంకేం వదుల్తారు? నాకు మూడేళ్ళేగా. ఉంటాలే."

ఎవరో బస్సులో సీటు ఇచ్చినట్టు చెప్పాడమ్మా ఆ మాట. తాళం వేసిన చోట్ల వాడికంటే పెద్దవాళ్ళుంటారు. మన వీధిలో మోజెల్లా కొడుకు అక్కడ రెండేళ్ళుండి వచ్చాడు, ఇప్పుడు ఎవరైనా వెనకనుంచి పిలిస్తే గోడకి అంటుకుపోతాడు. నాకు అదే కళ్ళలో తిరుగుతోంది. పొయ్యి దగ్గర నిలబడి ఏం వేయిస్తున్నానో మర్చిపోతున్నాను.

శ్మశానం సంగతి ఎవరికీ ఏమీ చెప్పొద్దనీ, తెలియనిది ఎవరినీ కరవదనీ పోయిన ఉత్తరంలో రాశావు. అది నాకు అందేసరికే నేను చెప్పేశాను.

మర్నాడు ఒక్కదాన్నే మిస్ ప్రూయిట్ దగ్గరికి వెళ్ళాను. నువ్వు ఫోన్లో అన్న మాటలన్నీ చెప్పాను. కారులో నేనున్నాననీ, తిరిగిపోదామని వాడు అడిగితే నేనే వద్దన్నాననీ కూడా చెప్పాను. నా తప్పు నీ మీద వేశానని నువ్వు అనుకోకూడదు, అనుకున్నా నేనేం చెయ్యలేను. ఆవిడ లేచి గది తలుపు వేసింది. తర్వాత "అమ్మ గురించి కూడా రాయక తప్పదు, తెలుసా?" అంది. తెలుసు అన్నాను. ఈ ఉత్తరం నీకంటే ముందు అక్కడివాళ్ళు విప్పి చదువుతారనీ తెలుసు. చదవనీ.

వచ్చే గురువారం కాక ఆపై గురువారం విచారణ. వాడి సంరక్షణ నాకివ్వాలంటే తల్లిగా నీ మాట కావాలి కాబట్టి జడ్జి నిన్ను జైలు నుంచే వీడియో తెర మీద పిలిపిస్తాడు. వాణ్ణి వెళ్ళమన్నది నువ్వేనా అని అడుగుతాడు. జైలు ఫోన్ల మాటలన్నీ దాచిపెడతారు, వెతికితే దొరుకుతాయి. వెతికించుకోవద్దు. నీ నోటితో వస్తే దాని విలువ వేరు, వాడు రూల్ మర్చిపోలేదనీ తల్లి మాట కాదనలేకపోయాడనీ జడ్జికి తెలుస్తుంది. ఔనంటే వసంతం నీకు పోతుందేమో. ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్ళు. నీకు యాభై నాలుగు, వాడికి పదిహేను. నేను ఆ లెక్కే వేశాను, నీ మీద ప్రేమ లేక కాదు.

నేను చెప్పిన సంగతి వాడికి తెలియదు. తెలిస్తే ఆ మంచం మీద పడుకోనంటాడు, నాతో మాట్లాడనంటాడు. ఆ రోజు నువ్వు తెర మీద కనిపించగానే వాడు నీకు తల అడ్డంగా ఊపుతాడు, చెప్పొద్దని. నాకు తెలుసు వాడి సంగతి. అప్పుడు వాడి వైపు చూడకు అమ్మా. జడ్జి వైపే చూసి ఔనను.

ఇట్లు,
నీ మీద సాక్ష్యం చెప్పిన
నీ పెద్దకూతురు
ఆర్లీత