గోడ చాటున నలుగురు

ఒరేయ్ సూరీ,

నువ్వు యుద్ధంలో పోయిన తారీఖు మళ్ళీ వచ్చింది. మెట్టకూరు వెళ్ళి మీ తమ్ముణ్ణి పలకరించి, అలిసిపోయి ఇంటికొచ్చాను. మనవరాలు బుజ్జి తన చేతి వీడియోగేమ్ నాకిచ్చింది. అందులో నలుగురు సిపాయిలు మనం ఎలా చెబితే అలా నడుస్తారు. నేను వాళ్ళని గోడ చాటున కూర్చోబెట్టాను.

“పంపు తాతయ్యా, పంపకపోతే ఆట అవ్వదు.”

“ముందు ఎవడెళ్తాడే?”

“ఎవడో ఒకడు. చచ్చిపోయినా మళ్ళీ లెగుస్తాడులే.”

ఆ రోజు కాల్పుల్లో మనం ఆగిపోయినప్పుడు, ఎవరూ చెప్పకముందే నువ్వు లేచి ముందుకెళ్ళావు.

బుజ్జి విసుక్కుని ట్యూషన్‌కి పోయింది. బ్యాటరీ అయిపోయేదాకా ఆ నలుగురినీ అక్కడే ఉంచి, నేనూ కూర్చున్నాను. ఎవడికీ ఏమీ కాలేదురా.